కిటికీ వైపు బుగ్గ

ఆ రోజు పొద్దున చంటి వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి. ఆరిన బొమ్మను చెక్క మీంచి ఒలవడం, దాన్ని హాల్లో గోడకి తగిలించడం, అమ్మ కంటి ఆసుపత్రి నుంచి వచ్చేసరికి గుమ్మంలో నవ్వుమొహంతో నిలబడటం. కాఫీ తాగుతూ ఆలోచిస్తే వీటిలో కష్టమైనది మూడోదే అనిపించింది. అమ్మ సొమ్ము ఒకటి చంటి దొంగిలించి ఉంది. దొంగమొహానికి నవ్వు అతికించడం ఏ జిగురుకీ సాధ్యం కాదు.

చంటి అంటే చంటిపిల్ల అనుకునేరు. ఆవిడ యాభై దాటిన డ్రాయింగు టీచరు. ఆఖర్న పుట్టినందుకు ఇంట్లో ఆ పేరు పెట్టారు, పెద్దయ్యాక తీసేయాలని ఎవరికీ తోచలేదు. బళ్లో ఆవిడ అడుగుల చప్పుడు వింటే పెన్సిళ్లు వాటంతటవే చెక్కుకుంటాయని చెప్పుకుంటారు. అదే మనిషి ఇంటికొస్తే "చంటీ, నీకు తెలీదు, నువ్వూరుకో" అనిపించుకుంటుంది.

ఆవిడ వేసే బొమ్మలకి కుంచె అక్కర్లేదు. అరటి బోదెల్లోంచి తీసిన నారను సోడా కలిపిన నీళ్లలో ఉడకబెట్టి, కడిగి, చెక్క సుత్తితో దంచి దంచి మెత్తటి గుజ్జు చేస్తుంది. పాత నూలు బట్టలనైతే చిన్న ముక్కలుగా కత్తిరించి, నానబెట్టి, అలాగే దంచుతుంది. ఆ గుజ్జును మగ్గుల్లో పోసి ఒక్కో మగ్గులో ఒక్కో రంగు కలుపుతుంది. దోమతెర బిగించిన చట్రం మీద ఆ రంగు గుజ్జుల్ని చెంచాలతో, సన్నమూతి సీసాలతో పోస్తూ బొమ్మ దిద్దుతుంది. చట్రాన్ని చెక్క మీద పరిచిన తడి కాగితం మీద బోర్లించి ఎత్తేస్తే బొమ్మంతా కాగితానికి అంటుకుంటుంది. దాని మీద పాత దుప్పటి, దుప్పటి మీద ఇంకో చెక్క, ఆ చెక్క మీద బరువు. బరువంటే మరేం కాదు, వాళ్లాయన. ఆయన చెక్కెక్కి నిలబడి పేపరు చదువుకుంటే నీళ్లన్నీ దిగిపోతాయి. ఇన్నేళ్ల కాపురంలో తనవల్ల ఇంతకంటే పెద్ద ఉపయోగం జరగలేదని ఆయనే ఒప్పుకుంటాడు.

ఈసారి వేసింది నాన్న బొమ్మ. చంటికి ఆరేళ్లప్పుడే నాన్న పోయాడు. ఆయన అచ్చాఫీసులో కంపోజిటరు. సీసపు అక్షరాల్ని ఒక్కొక్కటే ఏరి, వరసల్లో తలకిందులుగా, కుడిఎడమలు తారుమారుగా పేర్చే పని. ఫొటో అంటే ఆయనకి మహా సిగ్గు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫొటోలో అచ్చాఫీసు వాళ్లంతా మిషను ముందు నిలబడి ఉంటారు. నాన్న వెనక వరసలో, ఎవరిదో భుజం చాటున ఉంటాడు. మొహం బఠాణీ గింజంత. దాన్ని స్టూడియోకి తీసుకెళ్లి పెద్దది చేయిస్తే బఠాణీ గుమ్మడికాయంత అయింది గాని మొహం మాత్రం కాలేదు. అందుకని పెద్దన్నయ్య ముక్కు, అక్క నుదురు, అద్దంలో కనిపించిన తన కళ్లు తీసుకుని, మిగతాది గుర్తున్నంత వరకు కలిపి చంటి నాన్నను తయారుచేసింది.

ఇక దొంగతనం సంగతి. అమ్మ పెట్టెలో అన్నిటికన్నా అడుగున నాన్న తెల్ల నూలు చొక్కా ఒకటి ఉండేది. కుడిచేతి కఫ్ మీద అచ్చు సిరా మరక. అప్పుడప్పుడూ అమ్మ దాన్ని తీసి, సబ్బు పెట్టి ఆ మరకని రుద్ది, నీడపట్టున ఆరేసి, మళ్లీ మడిచి లోపల పెట్టేది. ఎందుకమ్మా అంటే "పోతుందేమోనని" అనేది. మొదటి కన్ను ఆపరేషనయి అమ్మ మంచం మీద ఉన్న రోజుల్లో చంటి ఆ చొక్కాను బయటికి తీసింది. ముక్కలుగా కత్తిరించింది. తెల్లటి భాగం బొమ్మలో చొక్కా అయింది, కాస్త రంగు కలిపితే మొహమైంది. సిరా మరక ఉన్న కఫ్‌ని విడిగా దంచితే నల్లటి గుజ్జు వచ్చింది. అది జుట్టుకి, కనుబొమలకి, నాన్న బుగ్గ మీది పుట్టుమచ్చకి సరిపోయింది.

ఇప్పుడు రెండో కన్ను కూడా అయింది. అక్క ఆసుపత్రిలో తోడు ఉంది. మధ్యాహ్నం కట్టు విప్పి పంపిస్తారు. రెండు కళ్లతోనూ తేటగా చూసే మొట్టమొదటి మొహం నాన్నది కావాలని చంటి కోరిక. బొమ్మ కుదిరితే దొంగతనం కానుకైపోతుంది. కుదరకపోతే, తండ్రి చొక్కా నరికి గుజ్జు చేసిన కూతురిగా మిగిలిపోతుంది. ఇంకో చొక్కా అంటూ లేదు.

తడి మీద ఉన్న బొమ్మను చూడకూడదని చంటి నియమం. తడిలో రంగులన్నీ ముదురుగా, ముద్దగా కనిపించి గుండె జారిపోతుంది. అందుకని బోర్లించి ఎత్తగానే కళ్లు మూసుకుని దుప్పటి కప్పేసింది. అది విప్పడం ఇదే మొదలు. ఒక మూల గోటితో లేపి, మెల్లగా ఒలిచింది. నాన్న వచ్చాడు. నిజంగానే వచ్చాడు. ఆ కళ్లలో అలసట, ఆ పెదవి చివర దాచుకున్న నవ్వు. చంటికి ఏడుపొచ్చేసింది.

"ఏమండీ, ఒక్కసారి ఇటు రండి!"

ఆయన గడియారాలు బాగుచేస్తాడు. ముందు గదిలో బల్ల దగ్గర, కంటికి భూతద్దం బిగించుకుని కూచునే మనిషి అలాగే లేచి వచ్చాడు. మామగారిని ఆయన ఎన్నడూ చూడలేదు.

"బ్రహ్మాండంగా ఉన్నారు మామగారు. ఒక్క సందేహం. ఆయన జేబు కుడివైపు కుట్టించుకునేవారా?"

చంటి కన్నీళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. బోర్లిస్తే బొమ్మ తిరగబడుతుంది. అద్దంలోలా కుడి ఎడమవుతుంది. ఈ సంగతి ఆవిడ ఏటేటా పిల్లలకి పాఠం చెబుతుంది. కాని ఇన్నాళ్లూ వేసినవి పువ్వులు, ఆకులు, చేపలు. పువ్వుకి కుడిఎడమలేమిటి? చేప ఎటు ఈదితే ఎవరికేం? మనిషికి మాత్రం జేబు ఉంటుంది, పాపిడి ఉంటుంది, నాన్నకైతే పుట్టుమచ్చ కూడా ఉంటుంది.

"అయ్యో, మచ్చ! ఎడమ బుగ్గ మీద ఉండాలి, కుడి బుగ్గకి వచ్చేసింది!"

"పోనీ, ఎదురుగా అద్దం పెట్టి అత్తయ్యగారిని అందులో చూడమందామా?"

చంటి చూసిన చూపుకి ఆయన భూతద్దం తీసేసి జేబులో పెట్టుకున్నాడు.

జేబు ఎలాగూ మార్చలేరు. జేబుని చూసి మొగుణ్ణి గుర్తుపట్టే ఆడది ఎక్కడా ఉండదని సరిపెట్టుకున్నారు. మచ్చ సంగతి వేరు. మచ్చ మనిషి ఆనవాలు. ఆయన గడియారాలకి వాడే సన్న పట్టకారు తెచ్చాడు. మచ్చ చుట్టూ చుక్క చుక్కగా నీళ్లద్ది, గుజ్జు మెత్తబడ్డాక నల్లటి నారను పోగు పోగుగా పైకి లాగాడు. ఆ చోట చంటి మొహం రంగు గుజ్జు అద్దింది. తర్వాత ఎడమ బుగ్గ తడిపి కొత్త మచ్చ కూర్చారు. చెయ్యి తిరిగిన పనే, కాదనలేం. కాకపోతే తడిసిన నార ఉబ్బుతుంది. నాన్నకి రెండు వైపులా పంటినొప్పి వచ్చినట్టయింది.

"ఆరితే తగ్గుతుంది లెండి," అంది చంటి తనకి తాను చెప్పుకుంటున్నట్టు.

సరిగ్గా అప్పుడే సుత్తి, మేకులు పట్టుకుని పెద్దన్నయ్య దిగాడు. రిటైరైన హెడ్మాస్టరు. మేకు కొట్టే బాధ్యత ఆయనది. ఆయన ఏ ఇంట్లో అడుగుపెట్టినా అక్కడ తనిఖీ మొదలవుతుంది. హాల్లో బల్ల మీద గోడకి ఆనించి ఉన్న బొమ్మను చూసి ఆగిపోయాడు. సుత్తి కింద పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. తిట్టడానికి సవరించుకున్నాడనుకుంది చంటి, కాని ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"నాన్నేనే చంటీ. అచ్చం నాన్నే," అన్నాడు. రెండు నిమిషాల తర్వాత లోపలి హెడ్మాస్టరు మేలుకున్నాడు. "కాని మచ్చ తప్పు పెట్టావు. కుడి బుగ్గ మీద కదా ఉండేది?"

చంటి మొగుడు మెల్లగా గడియారాల బల్ల వైపు అడుగు వేశాడు. చంటి ఆయన చొక్కా పట్టుకుని ఆపింది.

"ఎడమ బుగ్గే అన్నయ్యా. ఇదిగో, ఇటు," అని తన బుగ్గ చూపించింది.

"నేనూ అదే చెబుతున్నాను. ఇటు," అని ఆయన తన బుగ్గ చూపించాడు.

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. ఇద్దరి వేళ్లూ ఒకే గోడ వైపు ఉన్నాయి. హమ్మయ్య, ఒక మాట మీదికి వచ్చామని ఇద్దరూ సంతోషించారు కూడా. కాసేపటికి తన వేలు తన కుడి బుగ్గ మీదా, చెల్లెలి వేలు ఆమె ఎడమ బుగ్గ మీదా ఉన్నాయని పెద్దన్నయ్యే కనిపెట్టాడు.

"ఎవరి కుడి? నాన్న కుడా, చూసేవాళ్ల కుడా?"

"నాన్న కుడే! మచ్చ నాన్నది కదా!"

"అయితే చూసేవాళ్లకి ఎడమా?"

"నువ్వు పాఠం చెప్పకు అన్నయ్యా, తల తిరుగుతోంది."

చివరికి కుడి, ఎడమ అనే మాటలు ఈ ఇంట్లో ఎవరూ ఎత్తకూడదని ఒప్పందం చేసుకున్నారు. బొమ్మకి ఒక పక్క కిటికీ ఉంది, ఇంకో పక్క వీధి తలుపు ఉంది. కాబట్టి కిటికీ వైపు బుగ్గ, తలుపు వైపు బుగ్గ. ఇప్పుడు మచ్చ కిటికీ వైపు ఉంది. ఇలా ఉండటమే సరైనదని చంటి, తలుపు వైపు ఉండాలని పెద్దన్నయ్య.

"నాన్న సాయంత్రం రాగానే నన్ను ఎత్తుకునేవాడు," అంది చంటి. "ఎప్పుడూ ఎడమ చేత్తోనే. నా ముక్కుకి ఎదురుగా ఉండేది ఆ మచ్చ. నేను వేలు పెట్టి నొక్కితే 'టింగ్' అనేవాడు. ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లు అనేవాడు, విసుక్కునేవాడు కాదు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?"

"నీకప్పుడు ఎన్నేళ్లే? నాకు ఊహ బాగా తెలుసు. రోజూ నా లెక్కలు చూసేవాడు. కుడి బుగ్గ చేతికి ఆనించుకుని కూచునేవాడు. లెక్క తప్పితే తిట్టేవాడు కాదు, చెయ్యి తీసి నావైపు చూసేవాడు. అప్పుడు మచ్చ కనిపించేది. మచ్చ కనబడిందంటే తప్పు చేశానని అర్థం. నేను ఆ మచ్చని రోజుకి పదిసార్లు చూసినవాణ్ణే!"

హెడ్మాస్టరుగారు చిన్నప్పుడు లెక్కల్లో ఎలాంటివారో ఆయన బావగారికి ఆ రోజే తెలిసింది. తన పట్టకారు తుడుచుకున్నాడు.

"అసలు మచ్చ ఉండేదా అని నాకు అనుమానం," అన్నాడు.

అన్నాచెల్లెళ్లు ఒక్కసారి ఆయన మీదికి తిరిగారు. "ఉండకపోవడమేమిటి? వీధి తలుపు చప్పుడైతే అమ్మ వంటింట్లోంచే అనేది కదా, 'పుట్టుమచ్చ వచ్చేసింది, కంచాలు పెట్టండి' అని!" అంది చంటి. ఆ మాట అన్నాక ఇద్దరూ కాసేపు మెత్తబడ్డారు. ఆ వంటిల్లు, ఆ కంచాల చప్పుడు, తలుపు దగ్గర నాన్న చెప్పులు విప్పే చప్పుడు అందరికీ వినిపించాయి. అమ్మనే అడిగేస్తే పోయేది గాని, అమ్మకి తెలియకూడదనే కదా ఇదంతా.

పెద్దవాడి మాట నెగ్గడం ఆ ఇంటి ఆనవాయితీ. చంటి ఒప్పుకుంది. మొగుడికి ఆజ్ఞ జారీ అయింది. "కిటికీ వైపుది తీసేయండి, తలుపు వైపు పెట్టండి. పెట్టాక డ్రయ్యరుతో ఆరబెట్టండి."

అప్పుడే వంటింట్లో ఫోను మోగింది. అక్క. చంటి పరుగెత్తింది. అక్క తన పక్షానే చెబుతుందని చెవులారా వినడానికి పెద్దన్నయ్యా వెనకే వెళ్లాడు.

"అక్కా, ఒక్క మాట. అమ్మ పక్కనే ఉందా? అయితే ఔనూ కాదూ అని చెప్పు చాలు. నాన్నకి పుట్టుమచ్చ ఎడమ బుగ్గ మీదేనా?"

అక్క గొంతు తగ్గించింది. "నీకు మతిపోయిందా? బుగ్గ మీదేమిటి? నుదుటి మీద కదే!"

"నుదుటి మీదా!"

"నాకు జ్వరాలొచ్చినప్పుడల్లా నా నుదురు తాకి, తన నుదురు తాకి పోల్చి చూసేవాడు కదా. కళ్లు తెరిస్తే మొట్టమొదట కనిపించేది ఆ మచ్చే. సరే గాని, డాక్టరు పొద్దున్నే కట్టు విప్పి పంపించేశాడు. బండెక్కేశాం, వచ్చేస్తున్నాం."

చంటి చేతిలో ఫోను నిలవలేదు. అన్నాచెల్లెళ్లు హాల్లోకి పరుగెత్తి వచ్చేసరికి బొమ్మ బల్ల మీద లేదు. ఎదురుగోడ దగ్గర కుర్చీలో ఉంది. చంటి మొగుడు డ్రయ్యరు పట్టుకుని నాన్నకి వేడిగాలి విసురుతున్నాడు.

"ప్లగ్గు ఇటే ఉంది కదా అని ఇటు తెచ్చాను. మీరు చెప్పిన పని అయిపోయింది," అన్నాడు గర్వంగా.

నాన్న ఎడమ బుగ్గ మీద, అక్కాచెల్లెళ్లలా పక్కపక్కన, రెండు మచ్చలున్నాయి. కుడి బుగ్గ మీద, ఇందాక ఒకసారి పీకిన చోటే, మళ్లీ పీకిన గుంట ఉంది.

"ఏం చేశారండీ ఇది!"

"మీరేగా కిటికీ వైపుది తీసేయమన్నారు. చూస్తే కిటికీ వైపు మచ్చే లేదు, ఇందాక నేను పూడ్చిన చోటు మాత్రం కొద్దిగా నల్లగా ఉంది. నా పనితనం నచ్చలేదు కాబోలు, శుభ్రంగా తీయమంటున్నారు అనుకుని తీశాను. తలుపు వైపు పెట్టమన్నారు, పెట్టాను."

"తలుపు వైపు అప్పటికే ఒకటి ఉంది కదండీ!"

"ఉంది. దాని గురించి నాకెవరూ ఏమీ చెప్పలేదు."

ఎదురుగోడకి తెస్తే కిటికీ తలుపవుతుందనీ, తలుపు కిటికీ అవుతుందనీ ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది. చెప్పిన పని చెప్పినట్టు చేసే మొగుడు దొరకడం అదృష్టమంటారు. ఆ అన్నవాళ్లని ఒకసారి పిలిచి చూపించాలనిపించింది చంటికి.

"జరగండి, నేను చేస్తాను," అని పెద్దన్నయ్య పట్టకారు లాక్కున్నాడు. జంట మచ్చల జోలికి పోతే బుగ్గకి చిల్లు పడుతుందని చంటి అడ్డం పడింది. సరే, వాటిని వదిలేసి కుడి బుగ్గ మీది గుంటలో ఆయన స్వహస్తాలతో ఒక మచ్చ కూర్చాడు. కూర్చి, వెనక్కి జరిగి, జవాబుపత్రం దిద్దినట్టు తల పంకించాడు. ఆ పంకించడంలో రెండో చేతిలోని గుజ్జు చెంచా ఒరిగింది. నల్లటి గుజ్జు బొట్టు ఒకటి నాన్న నుదుటి మధ్య టప్పున పడింది.

అక్క మాట కూడా నెగ్గింది.

"తుడవకండి! తుడిస్తే పాకుతుంది!" అని చంటి అరుస్తుండగానే బయట బండి ఆగిన చప్పుడైంది. చంటి మొగుడు కంగారులో డ్రయ్యరు వేడి పెంచాడు. దాంతో కాగితం ఒక మూల ముడుచుకుని నాన్న పెదవి పైకి లేచింది. యాభై ఏళ్లుగా దాచుకున్న నవ్వు ఆగలేనట్టు ఉంది ఆయన వాలకం. పెద్దన్నయ్య మేకు మీద మూడు దెబ్బలు, వేలి మీద ఒక దెబ్బ వేశాడు. బొమ్మ గోడెక్కింది. నాలుగు నల్ల చుక్కలూ, వాచిన బుగ్గలూ, తప్పు జేబూ అన్నీ ఇంకా తడిగానే ఉన్నాయి. చంటి గుమ్మంలోకి వెళ్లి నిలబడింది. నవ్వుమొహం సంగతి పూర్తిగా మరిచిపోయింది.

అక్క చెయ్యి పట్టుకుని అమ్మ లోపలికి వచ్చింది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుంది. "ఏమిటే, చావిట్లో దొంగలు పడ్డట్టు అలా నిలబడ్డారు?" అంటూనే గోడ వైపు తిరిగింది. తిరిగి ఆగిపోయింది.

"అమ్మా, డాక్టరు కళ్లజోడు తీయొద్దన్నాడు," అంది అక్క.

"గోడ మీద ఉన్నది నా మొగుడు, డాక్టరుకేం పోయింది," అని అమ్మ కళ్లజోడు తీసి చంటి చేతికిచ్చింది. బొమ్మకి దగ్గరగా, ఇంకా దగ్గరగా వెళ్లింది. చాలాసేపు చూసింది. వేలితో చొక్కా భాగాన్ని ముట్టుకుంది. ఆ వేలు అక్కడే ఉండిపోయింది.

"చంటీ, పెట్టెలో చొక్కా ఏదే?"

చంటి చేతిలోని కళ్లజోడుని మడిచింది. "అదేనమ్మా ఇది. కత్తిరించి... దంచి... గుజ్జు చేశాను. నిన్ను అడగలేదు."

పెద్దన్నయ్య దెబ్బ తగిలిన వేలు నోట్లోంచి తీయడం మరిచిపోయాడు. చంటి మొగుడు చేతిలో డ్రయ్యరు ఇంకా తిరుగుతూనే ఉంది, దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు. అమ్మ మొహంలో కోపం వస్తుందో ఏడుపు వస్తుందో అని ముగ్గురు పిల్లలూ, ఆరూ తొమ్మిదీ పన్నెండేళ్ల వాళ్లయిపోయి, ఎదురుచూస్తున్నారు.

అమ్మ నవ్వింది. "ఇవాళ కూడా పూసుకొచ్చారా?" అంది, పిల్లలతో కాదు, బొమ్మతో. కొంగు చివర చేతికి చుట్టుకుని, అలవాటైన చెయ్యి అలవాటైన చోటికి వెళ్లినట్టు, బుగ్గ మీది మచ్చ మీద అద్ది తుడిచేసింది.

"అమ్మా! అది పుట్టుమచ్చ!" ముగ్గురూ ఒకే గొంతుతో అరిచారు.

"పుట్టుమచ్చేమిటి, మీ మొహం! మీ నాన్నకి ఒంటి మీద ఎక్కడా మచ్చ లేదు. అచ్చు సిరా అది. వేళ్లకి అంటుకుని ఓ పట్టాన వదిలేది కాదు. నేను ఎగతాళికి అనేదాన్ని పుట్టుమచ్చ వచ్చిందని. మీ భోజనాలయ్యి మీరు పడుకున్నాక కొబ్బరినూనె రాసి రోజూ నేనే కదా తుడిచేది!"

"మరి నేను రోజూ కుడి బుగ్గ మీదే చూశానే?" అన్నాడు పెద్దన్నయ్య.

"నీ లెక్కలు చూస్తూ కుడి చెయ్యి బుగ్గకి ఆనించుకునేవారు. అంటేది. దీనికి జ్వరమొస్తే దీని నుదురూ తన నుదురూ తడుముకునేవారు. అక్కడా అంటేది. పొద్దున్నే దీని నుదురు కూడా నేనే తుడిచేదాన్ని." అమ్మ చంటి వైపు తిరిగింది. "ఇక నువ్వు. ఆయన వేళ్లు పట్టుకుని ఆడి, ఆ సిరా వేలు తీసుకెళ్లి ఆయన బుగ్గ మీద పెట్టి నొక్కేదానివి. నీ మచ్చ నువ్వే పెట్టేదానివే!"

చంటి తన చూపుడువేలు చూసుకుంది. ఆ వేలికి ఇప్పుడు కూడా నల్లటి గుజ్జు అంటి ఉంది.

ఇందాక తుడిచిందాన్నీ కలుపుకుని అమ్మ ఒక్కో చుక్కనీ పేరుపేరునా చూపిస్తూ తుడుస్తోంది. "ఇది పెద్దాడిది. ఇది నడిపిదానిది. ఇది చంటిది." తడి గుజ్జు కొంగుకి మెత్తగా ఊడి వస్తోంది. చివరి చుక్క దగ్గర ఆగింది. "ఈ నాలుగోది ఎవరిది?"

డ్రయ్యరు ఆగింది. "నాదండీ అత్తయ్యగారూ," అన్నాడు చంటి మొగుడు తల దించుకుని.

"మంచిపని చేశావు నాయనా. ఆయన నిన్ను చూడనేలేదు," అంది అమ్మ. దాన్ని కూడా మిగతావాటిలాగే, అంతే మెల్లగా తుడిచింది.

ఉబ్బిన బుగ్గల మీదా నుదుటి మీదా ఇప్పుడు నాలుగుచోట్ల తెల్లటి పొర లేచి, అప్పుడే మొహం కడుక్కుని వచ్చినట్టు ఉన్నాడు నాన్న. జేబు తప్పువైపు వచ్చిందని చంటి నసిగింది. "ఆయనకి తిన్నగా ఉన్నవి చూసే అలవాటు ఎక్కడేడిసింది? రోజంతా తిరగేసిన అక్షరాలే కదా. బనీను కూడా తిరగేసే తొడుక్కునేవారు," అంది అమ్మ. తర్వాత కొంగు విప్పి వెలుతురులో పట్టుకుంది. నాలుగు నల్ల మరకలు. "ఆ కఫ్ మీది మరకని ఎన్ని సబ్బులు పెట్టి రుద్దానో. ఇన్నేళ్లలో ఇంత కూడా కదల్లేదు. చూడవే, ఇవాళ ఒక్క తుడుపుకి ఎలా వదిలేసిందో."

అప్పుడు ఏడ్చింది. చంటి కూడా ఏడ్చింది. కంటి ఆపరేషనైన మనిషి ఏడవకూడదని అక్క ఏడుస్తూనే చెప్పింది.

ఆ చీరను అమ్మ ఉతకలేదు. మడిచి, పెట్టె అడుగున, చొక్కా ఉండే చోట పెట్టింది. బొమ్మ హాల్లోనే ఉంది, మచ్చ లేకుండా, ఒక మూల నవ్వుతూ. పెద్దన్నయ్య మాత్రం అమ్మ అన్నిటికంటే ముందు తుడిచింది కుడి బుగ్గేనని ఇప్పటికీ అంటూనే ఉన్నాడు. ఎవరి కుడి అని ఇంట్లో ఎవరూ అడగడం లేదు.